ఊరు అక్కడే ఉంది, దారే మారింది

భద్రాచలం నుంచి చర్ల వైపు ఎప్పుడైనా వెళ్ళారా? ఊరు దాటీ దాటగానే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం.. కొంచెం ముందుకి పోతే మళ్ళీ తెలంగాణ, దుమ్ముగూడెం మండలం. అంటే తెలంగాణలో బయల్దేరి, ఆంధ్రలో నాలుగు ఊళ్ళు చూసుకుని, మళ్ళీ తెలంగాణలో దిగుతామన్నమాట. రోడ్డు అదే. గోదారీ అదే. పక్కన టేకుచెట్లకి తామే రాష్ట్రంలో ఉన్నాయో తెలీదు, వాటికి అవసరమూ లేదు.

ఈ రోడ్డు మీద మొదటిసారి ఆ బోర్డులు చూసినప్పుడు నవ్వుకున్నాను. ఆ నవ్వు 2022 జూలైలో పోయింది.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ నెల భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. మా అమ్మమ్మగారి ఊరు కూనవరం మండలంలో, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. హైదరాబాదులో ఏసీ గదుల్లో కూర్చున్న నాలాంటి నలుగురం కలిసి, చేతనైనది చేద్దామని ఓ చిన్న సైటు పెట్టాం. ఊరి పేరు నొక్కితే ఆ ఊరివాళ్ళు ఏ బడిలో తలదాచుకున్నారు, ఏం కావాలి, ఎవరు ఏం పంపుతున్నారు.. ఇంతే. చిరునామాల వరస నేనే పెట్టాను:

/రాష్ట్రం/జిల్లా/మండలం/ఊరు

చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో కదా! ఊళ్ళ జాబితా 2011 జనాభా లెక్కల్లోంచి తెచ్చుకున్నాను. అందులో కూనవరం ఖమ్మం జిల్లాలో ఉంది. మర్నాడు పొద్దున్న ఓ మిత్రుడు "అయ్యా, అవి అల్లూరి సీతారామరాజు జిల్లాకి పోయి మూడు నెలలైంది" అన్నాడు. నాలుక్కరుచుకుని పట్టిక సరిచేశాను. అంతా బానే ఉందనుకుని పడుకున్నా. రాత్రి మామయ్య ఫోను. ఆయన అప్పటికి పాల్వంచలో కూతురింట్లో ఉన్నాడు.

"ఏరా, నువ్వు నిన్న పంపిన లంకె తెరిస్తే ఏదీ లేదంటోందేంట్రా? మా ఊరు లేదంటోంది."

మిగతా ప్రపంచానికి అది ఒక 404. ఆయనకి మాత్రం వేరేగా వినపడింది. చుట్టూ నీళ్ళున్న ఊరు గురించి, "లేదు" అని ఓ తెర చెప్పింది. "లేదు మామయ్యా, ఊరు ఉంది, నేనే చిరునామా మార్చాను" అని చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి.

పాత లంకెల్ని కొత్తవాటికి మళ్ళించే రెండు లైన్లు రాయకపోవడం వల్ల వచ్చిన తంటా అది. అప్పట్నుంచీ ఈ చిరునామాల సంగతి, అంటే బ్రౌజరులో కొట్టిన దారికీ లోపల పనిచేసే ప్రోగ్రాముకీ ముడి ఎలా పడుతుందన్న సంగతి, వెనక్కి తవ్వుతూ వచ్చాను. మనం రోజూ రాసే రౌటింగు పట్టికలకి ఇంత చరిత్ర ఉందా అనిపించింది. అందుకే ఈ టపా.

మొదట్లో దారి అంటే అలమార

1990ల మొదట్లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో వెబ్బుని తయారుచేసినప్పుడు యూఆర్ఎల్లో ఆ గీతలు యూనిక్సు ఫోల్డర్ల నుంచి తెచ్చుకున్నవే. 1993లో వచ్చిన ఎన్‌సీఎస్‌ఏ సర్వరు చేసే పనల్లా ఒకటే: దారిలో ఏముందో చూసి, డిస్కు మీద అదే దారిలో ఉన్న ఫైలు తీసివ్వడం. తాసీల్దారాఫీసులో అటెండరు అలమార తెరిచి, రెండో అరలో మూడో కట్ట తీసినట్టు. పోలిక లేదు, నమూనా లేదు. ఉంటే ఉంది, లేకపోతే 404.

ఆ ఏడాదే సీజీఐ వచ్చింది. దారి మొదట్లో ఫలానా మాట ఉంటే, అది ఫైలు కాదు ప్రోగ్రాము, దాన్ని నడపాలి అని సర్వరుకి చెప్పే ఏర్పాటు. ఆ మాట తర్వాత మిగిలిన దారిని ప్రోగ్రాముకి వేరే చరరాశిలో అందించేవారు. నా దృష్టిలో దారిని నమూనాతో పోల్చడం ఇక్కడే మొదలైంది. చాలా చిన్న నమూనా, "ఈ ముక్కతో మొదలైతే" అని. కానీ ఆ ఒక్కదానితో దారికీ ఫైలుకీ ఉన్న పేగుబంధం తెగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన రోజులు మనలో పాతవాళ్ళకి బాగా తెలుసు. ప్రశ్నార్థకం, ఐడీ సమానం 4172, సెషను సమానం ఇంత పొడుగు చెత్త! ఈ-మెయిల్లో పంపితే లైను విరిగిపోయి సగం లంకె నీలంగా, సగం నల్లగా ఉండేది. వెతుకుడు యంత్రాలు కూడా ఆ ప్రశ్నార్థకాలు చూసి జంకేవి.

మంత్రగాడు వచ్చాడు

1996లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అపాచీ సర్వరుకి మాడ్-రీరైట్ అనే ముక్క రాశాడు. మరుసటేడు దాన్ని అపాచీ బృందానికి ఇచ్చేశాడు. బయటికి అందమైన దారి కనపడుతుంది, లోపల రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ దాన్ని పట్టుకుని పాత ప్రశ్నార్థకాల దారిగా తిరగరాస్తుంది. దాని డాక్యుమెంటేషన్లోనే దాన్ని చేతబడితో పోల్చారంటే ఎంతమంది రాత్రిళ్ళు పాడైపోయాయో ఊహించుకోండి. పదిహేను లైన్ల రీరైటు రూల్సు రాసి, పదహారో లైను పెట్టగానే మొత్తం సైటు గుండ్రంగా తిరిగి 500 కొట్టిన అనుభవం లేని వెబ్బు ఇంజినీరు ఉంటే చేతులెత్తండి :)

ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు మాత్రం వెబ్బు కోసం పుట్టినవి కాదు. 1943లో మెకల్లక్, పిట్స్ అనే ఇద్దరు మెదడులోని నరాల కణాలని గణితంలో పెట్టారు. 1951లో స్టీఫెన్ క్లీనీ అనే తర్కశాస్త్రవేత్త, ఆ కణాల వలలు ఎలాంటి వరసల్ని గుర్తుపట్టగలవో చెప్పడానికి ఒక భాష తయారుచేశాడు. మనం రాసే నక్షత్రం గుర్తు ఆయనదే. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని టెక్స్టు వెతికే పనికి వాడి, ఎలా చేస్తే వేగంగా నడుస్తుందో పేపరు రాశాడు. అక్కణ్ణుంచి ఎడ్, గ్రెప్, పెర్ల్, చివరికి అపాచీ. నరాల లెక్క నుంచి వరద సైటు దాకా, చూడండి ఎంత దూరం వచ్చిందో!

గూడేలూ పాడులూ

2000 ప్రాంతంలో అమీర్‌పేటలో జావా నేర్చుకున్నవాళ్ళకి సర్వ్‌లెట్ మ్యాపింగులు కంఠస్థం. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేవారు. అక్కడ నమూనాలు నాలుగే రకాలు. ఒకటి, అచ్చంగా అదే దారి. రెండు, ఫలానాదానితో మొదలయ్యేవన్నీ. మూడు, ఫలానాదానితో ముగిసేవన్నీ (స్ట్రట్స్ రోజుల్లో "స్టార్ డాట్ డూ" అని కలవరించేవాళ్ళం). నాలుగు, ఏదీ కుదరకపోతే దిక్కు. మొదలు కలిసేవి రెండు మూడుంటే ఎక్కువ పొడుగు కలిసినది గెలుస్తుంది.

రెండో రకానికీ మూడో రకానికీ తేడా మా వైపు ఊళ్ళ పేర్లలో భలే తెలుస్తుంది. కొత్తగూడెం, దుమ్ముగూడెం, కన్నాయిగూడెం.. ఇవి చివర కలిసేవి. బూర్గంపాడు, వేలేరుపాడు.. ఇవీ అంతే. చివర చూస్తే ఊరు ఎలా పుట్టిందో తెలుస్తుంది, అడవిలో గూడెమా కాదా అని. కానీ ఎక్కడుందో తెలీదు. గూడేలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఎక్కడుందో తెలియాలంటే మొదలు చూడాలి: రాష్ట్రం, జిల్లా, మండలం. అందుకే సర్వ్‌లెట్లలో చివర చూసే నమూనా "ఇది ఏ జాతి" అని చెప్తుంది, మొదలు చూసేది "ఇది ఎవరి అధీనం" అని చెప్తుంది. రెండూ వేరువేరు ప్రశ్నలు. నేను 2022లో రెండో ప్రశ్న జవాబుని ఊరి పేరులో కలిపేశాను, అక్కడ పడింది బొక్క.

ఇలాంటి మొదలు చూసే నమూనా మన తపాలా శాఖ ఎప్పుడో పెట్టింది. 1972 ఆగస్టు 15న పిన్ కోడు వచ్చింది. మొదటి అంకె 5 అంటే మన వైపు, 507 అంటే ఖమ్మం వైపు ఉత్తరాలు వేరుచేసే చోటు, 507111 అంటే భద్రాచలం. ఎడమ నుంచి ఒక్కో అంకె చూసుకుంటూ సంచిలోకి విసరడమే. ఇంటర్నెట్టు రౌటర్లు పాకెట్లు పంపేదీ ఇలాగే, ఎక్కువ పొడుగు కలిసిన దారి గెలుపు.

అయితే రాష్ట్రం విడిపోయాక ఏమైంది? చింతూరు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళింది, కానీ చిరునామాల్లో పిన్ మాత్రం 507126గానే కొనసాగింది. నిజానికి తపాలా శాఖ తప్పేం లేదు. పిన్ చెప్పేది ఉత్తరం ఏ దారిన పోవాలో, ఏ ముఖ్యమంత్రి కింద ఉందో కాదు. తప్పు మనలాంటివాళ్ళది. "507తో మొదలైతే రాష్ట్రం గడిలో తెలంగాణ అని నింపేయ్" అని ఫారాల్లో రాసేవాళ్ళది. నేనూ రాశాను ఒకప్పుడు, ఒప్పుకుంటున్నాను. చింతూరు కుర్రాడు తన రాష్ట్రం ఆంధ్ర అని ఎన్నిసార్లు మార్చినా, ఫారం మళ్ళీ తెలంగాణ చేసేది.

పత్రికాఫీసు నుంచి పట్టిక

2004లో రైల్స్ వచ్చి, దారిలో ఖాళీలు పెట్టి వాటికి పేర్లు పెట్టుకోవచ్చంది: మొదటి ముక్క కంట్రోలరు, రెండోది పని, మూడోది నంబరు. 2005 జూలైలో జాంగో బయటికొచ్చింది. అది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఓ ఊరి దినపత్రిక ఆఫీసులో పుట్టిన సరుకు. పత్రికవాళ్ళకి పాత సంచికలు ముఖ్యం కదా! సంవత్సరం, నెల, రోజు, వార్త.. ఈ వరస దారిలోనే ఉండాలి, పదేళ్ళ తర్వాత కూడా తెరుచుకోవాలి. అందుకే వాళ్ళు దారుల పట్టికని కోడు నుంచి విడదీసి, ఒక్క ఫైల్లో పై నుంచి కిందికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల జాబితాగా పెట్టారు. ఏది ముందు కలిస్తే అదే ఖాయం.

"ఏది ముందు కలిస్తే అదే" అన్న ఈ చిన్న సూత్రం ఎన్ని కొంపలు ముంచిందో! మీకో ఉదాహరణ చెప్తా. నేను కల్పించింది కాదు, పార్లమెంటు రాసింది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. దానికి కొద్ది రోజుల ముందు, మే నెలాఖరున, పోలవరం ముంపు గ్రామాల కోసం ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో అదే చట్టమైంది. తెలంగాణలోకి ఖమ్మం జిల్లాలో ఏమేం వస్తాయో అందులో ఒకే ఒక్క వాక్యంలో చెప్పారు. దాన్ని విడగొట్టి, నా మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది:

1. ఖమ్మం జిల్లా అంతా తెలంగాణ.
2. కానీ కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు మండలాల ఊళ్ళు కాదు.
3. కానీ ఆ బూర్గంపాడు మండలంలో పినపాక, మోరంపల్లి బంజర, బూర్గంపాడు, సారపాక వగైరా 12 రెవెన్యూ గ్రామాలు తెలంగాణవే.
4. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం మండలాల ఊళ్ళు కూడా కాదు.
5. కానీ ఆ భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణదే.

దీన్ని ఇదే వరసలో జాంగో పట్టికలో పెట్టారనుకోండి. కూనవరం అడగండి. మొదటి రూలే కలుస్తుంది, తెలంగాణ! చింతూరు? తెలంగాణ. మిగతా నాలుగు రూల్సు ఎప్పటికీ నడవవు, ఊరికే అలంకారం. సరే, ఒకటో రూలు తీసి చివర పెట్టి, మిగతావి అలాగే ఉంచితే? ఇప్పుడు భద్రాచలం అడిగితే నాలుగో రూలు ముందు కలిసి, రాములవారి గుడి ఆంధ్రప్రదేశ్‌కి పోతుంది! ఐదో రూలు దాకా ఎవరూ రారు. సరైన వరస తలకిందులుది: ముందు 5, 3, తర్వాత 4, 2, చివర్న 1. మినహాయింపులో మినహాయింపు అన్నిటికన్నా ముందు రావాలి.

మనిషి చట్టం చదివేటప్పుడు చివర చెప్పిన మాటకి విలువిస్తాడు. "అందరికీ సెలవు, కానీ నీకు కాదు" అంటే కానీ తర్వాతదే లెక్క. గిట్‌లో ఏ ఫైళ్ళు వదిలెయ్యాలో చెప్పే జాబితా కూడా అంతే, చివర కలిసిన నమూనాదే గెలుపు. జాంగో లాంటివి ముందు కలిసినదానికి విలువిస్తాయి. సర్వ్‌లెట్లు వరస పట్టించుకోవు, ఎక్కువ కచ్చితంగా కలిసినదానికి విలువిస్తాయి. ఒక్క రూల్సు జాబితా ఇచ్చి, ఏ పద్ధతిలో చదవాలో చెప్పకపోతే గుడి ఏ రాష్ట్రంలో ఉందో కూడా తేలదు.

తమాషా ఏంటంటే, అన్ని రూల్సూ సరిగ్గా నడిచాక కూడా జనానికి ఇబ్బంది తప్పలేదు. గుడి తెలంగాణలో, గుడి మాన్యాలు వందల ఎకరాలు పక్కనే పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు.. ఈ అయిదూ తిరిగి కలపమని చాలా ఏళ్ళ నుంచి అడుగుతూనే ఉన్నారు. మొదట చెప్పిన రోడ్డు గొడవ కూడా ఈ నాలుగో రూలు పుణ్యమే.

ఒక్క ఊరు, తొమ్మిది దారులు

ఇది కొత్తగా వచ్చిన తిప్పలు కాదు. భద్రాచలం "పూర్తి దారి"ని నేనొకసారి కాగితం మీద రాసి చూశాను. పెద్ద మార్పులే లెక్కేశాను:

/నిజాం రాజ్యం/ .. 1860 దాకా
/సెంట్రల్ ప్రావిన్సెస్/అప్పర్ గోదావరి/
/మద్రాసు/గోదావరి/ .. 1874 నుంచి
/మద్రాసు/తూర్పుగోదావరి/ .. 1925 నుంచి
/ఆంధ్ర రాష్ట్రం/తూర్పుగోదావరి/ .. 1953
/ఆంధ్రప్రదేశ్/తూర్పుగోదావరి/ .. 1956
/ఆంధ్రప్రదేశ్/ఖమ్మం/ .. 1959
/తెలంగాణ/ఖమ్మం/ .. 2014
/తెలంగాణ/భద్రాద్రి కొత్తగూడెం/ .. 2016 అక్టోబరు 11

తొమ్మిది! గుడి మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. పక్కనున్న కూనవరం ఇంకా విచిత్రం. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మానికి వచ్చింది, 2014లో మళ్ళీ తూర్పుగోదావరికే పోయింది. అంటే 55 ఏళ్ళ తర్వాత పాత లంకె మళ్ళీ పనిచేసిందన్నమాట :) 2022 ఏప్రిల్ 4న అక్కణ్ణుంచి అల్లూరి జిల్లాకి. కుక్కునూరు, వేలేరుపాడు 2014లో పశ్చిమగోదావరికి, 2022లో ఏలూరు జిల్లాకి. అటు వాజేడు, వెంకటాపురం 2016లో జయశంకర్ భూపాలపల్లికి, 2019లో ములుగుకి.

మా తాతయ్య ఒక్క ఇంట్లో పుట్టి, ఒక్క ఇంట్లో పోయాడు. ఆ ఇంటి కాగితాలు వెతకాలంటే మాత్రం కాకినాడ, ఖమ్మం అంటూ తిరగాలి. పాస్‌బుక్కులో ఒక జిల్లా, ఆధార్లో ఇంకో జిల్లా, పిల్లాడి టీసీలో మూడోది. ముంపు పరిహారం జాబితాలో పేరుందో లేదో చూసుకోవడానికి వెళ్ళినవాడికి "మీరు మా పరిధి కాదు" అంటే, అది కూడా 404యే. కాకపోతే కౌంటరు వెనకనుంచి మనిషి చెప్పాడు, అంతే తేడా.

టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఓ చిన్న వ్యాసంలో ఇది చెప్పాడు: చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులు మారుస్తారు, కాబట్టి మారబోయే సంగతులేవీ చిరునామాలో పెట్టకండి అని. ఎవరు రాశారు, ఏ విషయం, ఏ స్థితిలో ఉంది, ఫైలు ఏ రకం.. ఇవేవీ వద్దన్నాడు. ఆయన భద్రాచలం చూడలేదు గానీ, చూసుంటే "ఏ జిల్లా" అన్నది కూడా ఆ జాబితాలో చేర్చేవాడనే నా నమ్మకం.

తెలుగులో దారి రాస్తే

ఇంకో సంగతి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. చిరునామా తెలుగులో ఉంటే ఈ నమూనాలు ఏం చేస్తాయి?

తెలుగు వికీపీడియా లంకెని ఎవరికైనా మెయిల్లో పంపి ఉంటే ఆ శాతం గుర్తుల రైలు చూసే ఉంటారు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు, యూఆర్ఎల్లో ఒక్కో బైటుకి మూడు గుర్తులు. భద్రాచలం అని రాయడానికి యూనికోడులో ఎనిమిది గుర్తులు కావాలి (పొల్లు, దీర్ఘం, సున్నా కూడా లెక్కే). అంటే 72 గుర్తుల బారు! అదైనా పనిచేస్తుంది, చూడ్డానికే అసహ్యం. అసలు దెబ్బ వేరే ఉంది.

పైథాన్‌లో "పదంలో వచ్చే అక్షరం" అని చెప్పడానికి బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ వాడతాం కదా. పైథాన్ దృష్టిలో మన గుణింతాలు, పొల్లు, సున్నా అక్షరాలు కావు! హల్లులూ అచ్చులే అక్షరాలు. యూనికోడు వర్గీకరణలో అవి "గుర్తులు", ఆ రీజెక్సు లెక్కలో గుర్తులకి చోటు లేదు. జాంగోలో శీర్షిక నుంచి చిరునామా ముక్క తయారుచేసే ఫంక్షనుకి మామూలుగా భద్రాచలం ఇస్తే ఖాళీ వస్తుంది. "యూనికోడు అనుమతించు" అని చెప్పి ఇస్తే వచ్చేది ఇది:

భదరచల

ఖమ్మం ఇస్తే ఖమమ. భద్రాద్రి ఇస్తే భదరదర! ఇది చూసిన రోజు కడుపుబ్బా నవ్వుకున్నాం, తర్వాత ఏడుపొచ్చింది. వత్తులూ గుణింతాలూ తీసేస్తే తెలుగేముంది? పైగా రెండు వేర్వేరు ఊళ్ళు ఒకే ముక్కగా మారే ప్రమాదం కూడా ఉంది. రామవరం, రమవరం, రామవారం.. అన్నీ ఆ ఫంక్షనుకి "రమవర"మే, అది కూడా సున్నా లేకుండా.

పెర్ల్‌లో ఈ గుర్తుల్ని పదంలో భాగంగానే చూస్తారు, కాబట్టి ఇది చెయ్యలేనిదేం కాదు, ఎవరు రాశారో వాళ్ళ కళ్ళ ముందు ఏ భాష ఉందన్నదే తేడా. జావాస్క్రిప్టులో అయితే యూనికోడు అక్షరాలతో పాటు గుర్తుల వర్గాన్ని కూడా మనమే కలిపి రాసుకోవాలి. లేదంటే "గీత తప్ప ఏదైనా" అని రాసుకోవడం అన్నిటికన్నా క్షేమం.

వైరా అని రాసేటప్పుడు ఇంకో తిరకాసు. ఐత్వాన్ని యూనికోడులో ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. కంటికి ఒకటే, నమూనాకి రెండు వేర్వేరు ఊళ్ళు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కనపడకుండా కూర్చునే ఖాళీలేని విడదీతల సంగతి సరేసరి. పోల్చే ముందు రెండు వైపులా ఒకే రూపంలోకి తెచ్చుకోకపోతే, వైరాకి పోవాల్సినవాడు గాలిలో కలుస్తాడు.

ఇప్పుడు ఎక్కడున్నాం

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మోజు క్రమంగా తగ్గింది. 2010లో వచ్చిన ఫ్లాస్కు లాంటివి "ఇక్కడ ఒక అంకె, ఇక్కడ ఒక మాట" అని చదవగలిగే నమూనాలు పెట్టాయి. 2017 డిసెంబరులో జాంగో 2.0 కూడా అదే దారి పట్టింది. చదవడానికి సుఖం అన్నదొక్కటే కారణం కాదు. చాలా భాషల్లోని రీజెక్సు యంత్రాలు 1968 నాటి థాంప్సన్ పద్ధతి వదిలేసి, తప్పితే వెనక్కొచ్చి మళ్ళీ ప్రయత్నించే పద్ధతి పట్టుకున్నాయి. అడవిలో దారి తప్పినవాడు ప్రతి కాలిబాటా చూసొచ్చినట్టు. కొన్ని నమూనాలకి ఆ తిరుగుడుకి అంతుండదు. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ భద్రతా నియమాల్లో ఒక్క రీజెక్సు వల్ల ప్రపంచవ్యాప్తంగా వేల సైట్లు అరగంట దాకా మూతపడ్డాయి. 2024లో ఎక్స్‌ప్రెస్ వాడే దారుల లైబ్రరీలోనూ ఇదే జబ్బు బయటపడింది: దారిలో ఒకే ముక్కలో గీత పెట్టి రెండు ఖాళీలు అడిగితే చాలు, కావాలని పంపిన పొడుగాటి చిరునామాతో సర్వరుని కూర్చోబెట్టెయ్యొచ్చు.

2024 ఫిబ్రవరిలో గో భాష 1.22తో చేసిన పని నాకు బాగా నచ్చింది. అక్కడ వరస లెక్కే లేదు. ఎక్కువ కచ్చితమైన నమూనా గెలుస్తుంది. రెండు నమూనాలు పోట్లాడుకుని ఏది కచ్చితమో తేలకపోతే, సర్వరు మొదలవ్వకుండానే ఆగిపోతుంది, తేల్చుకుని రమ్మంటుంది. మన చట్టాలకి కూడా అలాంటి కంపైలరు ఒకటుంటే ఎంత బావుణ్ణు! అటు బ్రౌజర్లలో కూడా 2021లో క్రోముతో మొదలై దారుల నమూనాలు పోల్చే సదుపాయం సొంతంగా వచ్చేసింది.

నేనేం మార్చుకున్నానంటే

ఆ వరద సైటు తర్వాత నాకు మూడే నియమాలు.

ఒకటి, ఊరి చిరునామాలో ఊరే ఉండాలి, దాన్ని ఎవరు ఏలుతున్నారో ఉండకూడదు. 2011 జనాభా లెక్కల్లో ప్రతి గ్రామానికీ దేశమంతటికీ కలిపి ఒక్కటే ఉండేలా ఆరంకెల సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యే దారి. పక్కన చదువుకోవడానికి ఊరి పేరు, అది తప్పున్నా సరే, సంఖ్య చూసి సరైన చోటికి పంపేస్తాం. జిల్లా, రాష్ట్రం పేజీ లోపల రాసుకుంటాం, రేపు మారితే లోపలే మారుతుంది.

రెండు, రూల్సు జాబితాతో పాటు వరస పరీక్షలు కూడా రాస్తాను. ప్రతి మినహాయింపుకీ ఒక పరీక్ష. మొదటిది ఎప్పుడూ భద్రాచలం మీదే.

మూడు, ఒకసారి ఎవరి చేతికైనా ఇచ్చిన లంకెని చంపను. మారితే 301 పెట్టి మళ్ళిస్తాను. నిజంగానే తీసేస్తే 410 ఇచ్చి, ఎందుకు తీశామో, ఇప్పుడు ఎక్కడ చూడాలో రెండు ముక్కలు తెలుగులో రాస్తాను. ఉత్త "లేదు" అన్న మాట ఇంకెవరికీ చూపించకూడదని.

మామయ్య ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. మొన్న ఫోనులో అడిగాను, "ఇంతకీ మన ఊరు ఏ జిల్లా మామయ్యా?" అని. "పోరా, ఏదో ఒకటి.. నువ్వు రావాలంటే భద్రాచలంలో దిగి కూనవరం బస్సెక్కు. ఎప్పుడూ అంతే కదా" అన్నాడు.

ఈ మధ్య రాసిన రౌటింగు పట్టికలన్నిట్లోకీ కచ్చితమైనది అదే అనిపించింది.